కుదుపు లేని ప్రయాణం

స్కూటర్‌కి స్టాండు వేసి బావమరిది గేటు లోపలికి అడుగు పెట్టగానే బావ మొహం మాడిపోయింది. పోయిన నెల మానిటర్‌ని కారు డిక్కీలో, స్టెప్నీ టైరు పక్కన పడేసి రిపేరుకి తీసుకెళ్లింది ఈ మహానుభావుడే. వెళ్లేటప్పుడు దాని మీద ఒక గీత ఉంది. షాపు చేరేసరికి పెంకులు మిగిలాయి.

"నువ్వు దేన్నీ ముట్టుకోకు," అన్నాడు బావ.

"ముట్టుకోవడానికి రాలేదు బావా. అమ్మడిని స్కూటర్ మీద ఎక్కించుకెళ్లడానికొచ్చా. కార్లో చోటు లేదని అక్క ఫోన్ చేసింది."

"లోపల జడ వేసుకుంటోంది. మేం నిదానంగా పోతాం, మీరు వెనకాల రండి."

రెండింటికి ఊరి చివర హాల్లో కారు రేసు గేము ఫైనల్స్. ఎవరి కంప్యూటర్ వాళ్లే తెచ్చుకోవాలని రూలు. గెలిచినవాళ్లకి గేములు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. బావకి రాత్రి నుంచి కాలు ఒక చోట నిలవడం లేదు. డ్రైవింగ్ స్కూల్లో పరాయి పిల్లలకి క్లచ్చూ బ్రేకూ నేర్పి నేర్పి అరిగిపోయిన మనిషి. వాళ్లలో ఒక్కడైనా తిరిగొచ్చి పలకరించిన పాపాన పోలేదు. ఇప్పుడు సొంత కూతురు అమ్మడు తెర మీద కారు తోలుతుంటే, పక్కన నిలబడి తనే బ్రేకు తొక్కుతున్నట్టు కాళ్లు ఆడిస్తాడు.

వెనక సీట్లో బొంత పరిచి, సీపీయూని నిలబెట్టి, దానికి బెల్టు కట్టాడు. పెళ్లాన్ని పక్కన కూర్చోబెట్టాడు.

"దీని మీంచి చెయ్యి తియ్యకు. లోపల గ్రాఫిక్స్ కార్డు కదిలిందంటే మన పని అయిపోయినట్టే."

"పెళ్లినాడు నా చెయ్యి కూడా ఇంత భద్రంగా పట్టుకోలేదు మీరు," అందామె.

మానిటర్‌కి దుప్పటి చుట్టి, తెర సీటు మెత్త వైపు పెట్టి, ముందు సీట్లో ఆనించాడు. కారు కదిలింది. గేటు దగ్గర పల్లం రాగానే మానిటర్ పక్కకి ఒరిగింది. బావ బ్రేకు తొక్కి, స్కూటర్ దగ్గరున్న బావమరిది వైపు కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఒరేయ్, ఎక్కు. దీన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చో."

"ముట్టుకోవద్దన్నావుగా."

"ఇప్పుడు ముట్టుకోమంటున్నా. ఎక్కు."

బావ తనని నమ్మి ఒక వస్తువు చేతికివ్వడం, అక్క పెళ్లయిన ఇన్నేళ్లలో ఇదే మొదలు. ఆ సంతోషంలో బావమరిది రెండంగల్లో వచ్చి కూర్చుని, మానిటర్‌ని చంటిపిల్లని పొదివినట్టు పొదువుకున్నాడు.

"ఫోన్లు ఆపేయండి," అన్నాడు బావ. "ఎవరన్నా ఉలిక్కిపడితే అంతే సంగతులు."

మెయిన్ రోడ్డెక్కాక కారు నత్తకి తోబుట్టువైంది. స్పీడ్ బ్రేకర్ వస్తే ఒక్కో చక్రాన్నీ విడివిడిగా బుజ్జగించి ఎక్కించాడు, బుజ్జగించి దించాడు. సైకిల్ మీద పోతున్న ముసలాయన వాళ్లని దాటేసి, ఎందుకో జాలిగా వెనక్కి చూశాడు. వెనక వ్యాను వాడు హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

"బావా, నడిచెళ్లినా ఈపాటికి చేరేవాళ్లం."

"నీ స్పీడు సంగతి పాత మానిటర్‌ని అడిగితే చెప్పేది, పాపం బతికుంటే."

కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ కారాపి లోపలికి తొంగిచూశాడు. "ఏంటీ నడక? లోపల నిండు చూలాలేమైనా ఉందా?"

"లేదు సార్, కంప్యూటర్. మా అమ్మాయి ఫైనల్స్ ఆడుతోంది."

కానిస్టేబుల్ బొంత వంకా, బెల్టు వంకా, బావమరిది చేతుల వంకా చూశాడు. తర్వాత విజిల్ ఊది, అటువైపు బళ్లన్నీ ఆపి దారిచ్చాడు. బావ ఛాతీ రెండంగుళాలు పొంగింది.

సగం దూరం వెళ్లాక భార్య అంది, "ఏమండీ, ఏదో మర్చిపోయినట్టు మనసు పీకుతోంది."

"కీబోర్డు?"

"ఉంది."

"స్టీరింగూ పెడళ్లూ?"

"నా కాళ్ల దగ్గరే."

"పవర్ వైరు?"

భార్య వంగి కాళ్ల దగ్గర వెతికింది. బావ కారు పక్కకి తీశాడు. ముగ్గురూ సీట్ల కిందా సందుల్లోనూ తడిమారు. చివరికి అది బావమరిది పిరుదుల కింద దొరికింది.

"కోడి గుడ్డు పొదిగినట్టు దాని మీద కూర్చుని, నోరు మెదపవేంరా?"

"బెల్టు బకిల్ గుచ్చుకుంటోందనుకున్నా బావా."

ముగ్గురికీ నవ్వాగలేదు. మనసు పీకడం కూడా అంతటితో ఆగిపోయింది.

హాలు చేరేసరికి రెండవడానికి అయిదు నిమిషాలుంది. లోపల వరసగా బల్లలు, వందమంది గోల. ముగ్గురూ పరుగులాంటి నడకతో అన్నీ మోసుకెళ్లి, వాళ్లకిచ్చిన బల్ల మీద దించారు. నిర్వాహకుడు వైర్లు తగిలించాడు. బావ స్విచ్ నొక్కాడు. ఏమీ కాలేదు. భార్య కళ్లు మూసుకుంది. అంతలో లోపల ఫ్యాను గిర్రున తిరిగింది, నీలం లైటు వెలిగింది, తెర మీద ఎర్ర కారు వచ్చి నిలబడింది.

బావ కళ్లలో నీళ్లు తిరిగాయి. బావమరిది భుజం మీద చెయ్యేసి దగ్గరికి లాక్కున్నాడు. "నువ్వూ పనికొచ్చేవాడివేరా," అన్నాడు.

"ఒక్క గీత కూడా పడలేదు చూడు బావా."

"అన్నీ బాగున్నాయి సార్," అన్నాడు నిర్వాహకుడు. "ఆడే అమ్మాయిని కూర్చోబెట్టండి, తలుపులు మూసేస్తున్నాం."

బావ భార్య వైపు చూశాడు. భార్య తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు జేబు తడుముకుని, స్కూటర్ తాళంచెవి బయటికి తీశాడు.