బయట కొన్న నట్లు

కారు చక్రాలకి కంపెనీ నట్లు తీయించి, మెరుపు చూసి బయట కొన్నవి వేయించాడతను. కాస్త దూరం నడిపాక మళ్ళీ బిగించుకోవాలని మెకానిక్ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. అందుకే ఆ చీకట్లో, మనిషి జాడలేని రోడ్డు పక్కన కారాపి, పానా తీసుకుని దిగాడు. భార్య లోపలే కూర్చుంది.

తన వైపు చక్రానికి ఏ నట్టు పట్టుకున్నా వేళ్ళతోనే తిరిగింది. ఒకటీ, దాని ఎదురుదీ, అలా మార్చి మార్చి బిగించి భార్య వైపుకి వచ్చాడు.

ఆమె అద్దం దించింది. "మళ్ళీ వచ్చారేంటి? ఇటువైపు అయిపోయిందిగా."

"నేనింకా ఇటు రాలేదే."

"ఇప్పటిదాకా ఈ తలుపు పక్కనే కూర్చుని నట్లు తిప్పారు కదండీ."

ఫోను వెలుగులో వంగి చూశాడు. చక్రానికి ఒక్క నట్టూ లేదు. అప్పుడే అవతలివైపు, తను బిగించి వచ్చిన చక్రం దగ్గర, పానా తిప్పుతున్న చప్పుడు మొదలైంది.

పానా అతని చేతిలోనే ఉంది.