బేగం మెడలో ఎక్స్‌రే

“కదలకు బేగం, పడ్తవ్!” అంటూ వామన్‌రావు స్టూలెక్కి, పెరటి గోడ మీదున్న పిల్లిని రెండు చేతులా పట్టుకున్నాడు. దాని మెడ చుట్టూ గరాటాలాంటి నల్లటి అట్ట ఉంది. అది అడ్డమొచ్చి నేల ఎక్కడుందో కనపడక, పాపం ఇందాకటి నుంచి గోడ మీదే అరుస్తోంది.

పై గదిలో కిరాయికి ఉంటున్న మృదుల అప్పుడే లక్డీకాపూల్‌లోని ఆఫీసు నుంచి వచ్చింది. భీమవరం పిల్ల. పిల్లిని చూడగానే బ్యాగు మెట్ల మీద పడేసింది.

“అయ్యో, ఏమైందండీ దీనికి?”

“కాలు కోసుకున్నది. ఎవలో కట్టు గట్టిన్రు. మరి మెడకు గీ డబ్బా ఏందో! ఊపిరాడతదో లేదో. తీసేస్త ఉండు.”

“తీయకండి అంకుల్! పుండు నాక్కోకుండా వేస్తారు దాన్ని. మానేదాకా ఉండాలి.”

వామన్‌రావు చేతులు వెనక్కి తీసుకున్నాడు. కాలు దేనికి తెగిందో అతనికి తెలుసు. అవతలింటితో మాటలు ఆగిపోయినప్పుడు ఆ గోడ మీద గాజు పెంకులు పాతించింది తనే. దొంగల భయమని అందరికీ చెప్పుకున్నాడు. దొంగలెత్తుకుపోయేంతది ఆ ఇంట్లో ఏముందని అడగడానికి భార్య కూడా లేదు. ఆమె పోయాక అతనితో కూర్చునేది బేగం ఒక్కతే. అదీ పగలే. రాత్రి దాని కాపురం గోడకు అవతలి ఇంట్లో.

మృదుల ఆ గరాటాను తిప్పి చూసి నవ్వింది. “ఎక్స్‌రే ఫిల్మ్ కత్తిరించి చేశారండీ! ముడులు చూడండి, చిన్నపిల్లలు వేసినట్టున్నాయి.”

వామన్‌రావు కళ్లద్దాలు పెట్టుకుని, పిల్లిని ట్యూబ్‌లైటు కిందికి ఎత్తి పట్టాడు.

“చెయ్యి ఎముక,” అన్నాడు.

“మోచేతి దగ్గర వంకరగా అతుక్కుందేంటండీ?”

“అది పాతది. చిన్నప్పుడు మా జామచెట్టు మీదికెల్లి పడ్డడు. ఎముకలు కట్టే పహిల్వాన్ కట్టు సక్కగ పడలె.”

“జామచెట్టు కూడా ఎక్స్‌రేలో కనిపిస్తుందా అంకుల్?” మృదుల పకపకా నవ్వింది.

వామన్‌రావు నవ్వలేదు. మణికట్టు దగ్గర సన్నటి గీత మీద అతని వేలు ఆగిపోయింది.

“ఇది కొత్తది,” అన్నాడు. “ముడులు గట్లెందుకున్నయో ఎరికేనా? ఒక్క చేత్తోని, పండ్లతోని కట్టిండు. ఇంట్ల ఇంకో మనిషుంటే గిట్లుండునా?”

మృదుల నవ్వు ఆగిపోయింది.

ఆ సాయంత్రం వామన్‌రావు భార్య పాత నూలు చీర చింపి, మెడకు ఒరుసుకోకుండా గరాటా అంచుకు మెత్తగా చుట్టాడు. ముడులు విప్పి మళ్లీ గట్టిగా వేశాడు. పెరుగన్నం చెంచాతో తినిపించాడు. చీకటి పడేముందు, పెంకులు రాలిపోయిన చోట పిల్లిని గోడ మీద నిలబెట్టాడు.

అవతల చెప్పుల చప్పుడయింది. కుర్చీ ఏదో ఈడ్చారు. పిల్లి ఒక్కసారి అరిచి అటువైపు దిగిపోయింది. ఇటు నుంచి ఒక్క మాట లేదు, అటు నుంచీ లేదు.

ఇక రోజూ అదే తంతు. పొద్దున అవతలి చెయ్యి పిల్లిని గోడ మీదికి ఎక్కించేది, ఇవతలి చేతులు దించుకునేవి. సాయంత్రం తిరుగు ప్రయాణం. వామన్‌రావు చాలా ముందే స్టూలు వేసుకుని కూర్చోవడం మృదుల చూస్తూనే ఉంది.

“పాపం, ఆయనకి వంటెవరు చేస్తారో!” అంది ఒకనాడు.

“ఎవలూ చేస్తలేరు. కుక్కర్ సీటీ ఇనబడక శాన దినాలాయె.”

“అవతలింటి కుక్కర్ కూడా వింటారా మీరు?”

“గోడకు ఇటుదిక్కు ఇంకేం పనున్నది బిడ్డా నాకు?”

“అయితే ఒకసారి వెళ్లి చూసి రావచ్చు కదా!”

“పిలువని పేరంటానికి ఎట్ల పోతం?”

“రోజూ పిల్లిని పంపిస్తున్నారుగా. అంతకంటే ఎలా పిలుస్తారండీ?”

వామన్‌రావు లేచి లోపలికి వెళ్లిపోయాడు.

కొన్ని వారాలయ్యాక ఒక ఆదివారం మృదుల కట్టు విప్పి చూసింది. పుండు మాని, వెంట్రుకలు కూడా మొలిచాయి. గరాటా తీసేయగానే బేగం ఒళ్లంతా విదిలించి, కాలు తృప్తిగా నాక్కుని, ఎవరి చెయ్యీ అక్కర్లేకుండా గోడ దూకి వెళ్లిపోయింది. స్టూలు పక్కన వామన్‌రావు ఎక్స్‌రే పట్టుకుని నిలబడిపోయాడు. రేపటి నుంచి ఆ గోడ దగ్గర నిలబడడానికి సాకు లేదు.

చాలాసేపటికి సుత్తి తెచ్చి, గోడ మీది పెంకులన్నీ రాలగొట్టాడు. తర్వాత వంటింట్లోకి వెళ్లి అన్నం, చింతపండు పులుపుతో ఖట్టీ దాల్ వండి టిఫిన్ క్యారియర్‌లో సర్దాడు.

“వస్తవా బిడ్డా? ఒక్కనికి కాళ్లు సాగుతలేవు.”

గోడకు అవతలే అయినా ఆ ఇంటి వాకిలి అబిడ్స్ వైపు సందులో ఉంది. నాంపల్లి గల్లీ దాటి, బట్టల దుకాణాల ముందు నుంచి చుట్టి పోవాలి.

“ఆయన పేరేంటండీ?” దారిలో అడిగింది మృదుల. వామన్‌రావు విననట్టే నడిచాడు.

తలుపు కొట్టాడు. లోపల బేగం అరిచింది.

“ఎవలు?” అంది ఒక నీరసమైన గొంతు.

వామన్‌రావు క్యారియర్‌ను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

“చెప్పండి అంకుల్, పక్కింటివాళ్లమని,” గుసగుసగా అంది మృదుల.

“నేన్రా తమ్మీ, నీ అన్నను,” అన్నాడు వామన్‌రావు.