పెడల్స్ లేని సైకిల్

దేవేంద్ర సైకిల్ తొక్కుకుంటూ రాలేదు, నెట్టుకుంటూ వచ్చాడు. దానికి పెడల్స్ లేవు.

హోసూరు బస్టాండు వెనక సందులో ఆ షాపును చూడగానే అతనికి ఒళ్ళు మండింది. బయట పిల్లల సైకిళ్ళు, లోపల ట్యూబుల వాసన. కౌంటరు వెనక మాసిన బనియనుతో ఒక పెద్దమనిషి. పేరు జయరామప్ప అని బోర్డు మీదే ఉంది. ఇంత ఖరీదైన రేసు సైకిల్‌ను ఇలాంటివాడి చేతిలో పెట్టాల్సి రావడం ఖర్మ కాక మరేమిటి?

"క్లిప్‌లెస్ పెడల్స్ ఉన్నాయా? ఆ పేరైనా విన్నావా?"

జయరామప్ప సైకిల్‌ను పైనుంచి కిందికి చూశాడు. వంగి ఫ్రేమును వేలితో తడిమాడు. జన్మలో అలాంటిది చూసి ఉండడు.

"బూటు అడుగున బిళ్ళ ఉంటుంది, అది టక్కున ఇరుక్కునేవే కదప్పా? ఉండాయి. కూర్చోండి."

దేవేంద్ర కూర్చున్నాడు. సాయంత్రంలోపు సైకిల్‌ను బెంగళూరు పార్టీకి అప్పగించాలి. ఆ పార్టీ ఒక తిక్కమనిషి. ఆ రకం పెడల్స్ ఉంటేనే తీసుకుంటానని భీష్మించాడు. లేకపోతే బేరం పోయినట్టే.

జయరామప్ప ఒక్కో డబ్బా వేరుశెనక్కాయలు ఒలుస్తున్నంత తీరిగ్గా విప్పాడు.

"ఇది ఒక పక్కే ఇరుక్కుంటుంది. ఇది రెండు పక్కలా. మీ బూట్లు తెచ్చినారా? బిళ్ళను బట్టి ఇయ్యాల."

దేవేంద్ర రబ్బరు చెప్పుల కాళ్ళను స్టూలు కిందికి లాక్కున్నాడు. "బూట్లు ఇంట్లో ఉన్నాయి. నీకెందుకు?"

"పాత పెడల్స్ ఏమైనాయప్పా?"

"పారేశాను. చెత్తవి."

"సీటు శానా కిందికుంది. మీ పొడుగుకు మోకాళ్ళు నొయ్యవా?"

"రేసువాళ్ళు అలాగే పెట్టుకుంటారు. నువ్వు సైకిల్‌ను కాదు, పెడల్స్‌ను చూడు."

ఒకటి బరువన్నాడు. ఒకటి మెరుపు లేదన్నాడు. జయరామప్ప అన్నింటికీ తలూపి, లోపలికి పోయి ఫోన్ చేశాడు.

"సార్, పార్టీ ఈడనే కాచుకోనుండాడు, పెడల్స్ కోసరం. బిన్నా రాండి, ఆలస్యం చేయాకండి."

బయటికొచ్చి చెప్పాడు. "మంచి సరుకు గోడౌన్‌లో ఉందప్పా. మనిషి వస్తా ఉండాడు."

గోడౌన్ మనిషిని కూడా సార్ అంటాడు, దద్దమ్మ. దేవేంద్రకు నవ్వొచ్చింది.

గోడౌన్ మనిషి ఎంతకీ రాలేదు. దేవేంద్ర విసుక్కుంటూ లేచి సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నాడు. "ఇంక చాలు. నీకు షాపెందుకయ్యా, పోయి ఆవుల్ని మేపుకో."

జయరామప్ప గాబరాపడ్డాడు. సొరుగు లాగి, గుడ్డలో చుట్టిన జత ఒకటి తీశాడు.

"వాడినవి ఇవి ఉండాయప్పా. ఈ సైకిల్‌కు బాగా కుదురుతాయి. దుడ్డేమీ వద్దులే."

ఊరికే వస్తున్నాయంటే దేవేంద్ర మెత్తబడ్డాడు. అయినా ముఖం చిట్లించే ఉంచాడు. "సరే, తొందరగా బిగించు."

జయరామప్ప కుడివైపుది బిగించాడు. ఎడమవైపుది ఎదురు తిప్పుతుంటే దేవేంద్ర తల కొట్టుకున్నాడు.

"అటు కాదయ్యా తిప్పేది. ఎవరు నేర్పారు నీకు?"

"ఎడమది ఇట్లనే తిప్పాలప్పా."

అతను ఆగి ఆగి, నిదానంగా తిప్పాడు. చేతగాని వయసులో ఈ పని దేనికో. బిగించాక పెడల్స్‌ను భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. సైకిల్‌ను కూడా తుడిచాడు. తుడుస్తూనే ఉన్నాడు.

సందు మొదట్లో జీపు ఆగింది. ఇద్దరు పోలీసులు గబగబా వచ్చి షాపు గుమ్మంలో నిలబడ్డారు. జయరామప్ప పానా కింద పెట్టి లేచాడు.

"రాండి సార్, క్రిష్ణగిరిలో మా పాప దగ్గర ఎత్తుకుపోయిన సైకిల్ ఇదే, సర్వీసుకని పాప నాకిచ్చిన పెడల్సే దానికి మళ్ళా బిగించినాను."