మామయ్య ఫోనుకు తాళం

"దీని తాళం తీయాలండీ," అంది కోడలు, సంచి అడుగున దాచి తెచ్చిన ఫోను బల్ల మీద పెడుతూ.

ఫోన్లు బాగుచేసే పెద్దాయన కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూశాడు. "పాస్‌వర్డ్ మర్చిపోయారా?"

"అది కాదండీ. కంపెనీవాడి తాళం. వాళ్ళ సిమ్ము తప్ప ఇంకోటి వేస్తే పనిచెయ్యదట. మా మామయ్యగారి ఫోను."

"ఆయన్ని అడిగే తెచ్చారా?"

"లేదండీ. భోంచేసి కునుకు తీస్తుంటే ఎత్తుకొచ్చాను. లేచేలోగా దిండు కింద పెట్టెయ్యాలి."

ఇంత నిజాయితీగల దొంగను ఆయన చూసి ఉండడు. నవ్వి కుర్చీ చూపించాడు.

సంగతేమిటంటే, ఇల్లన్న పేరే గానీ వాళ్ళది ఒక్కటే గది. వంటా, పడకా, చుట్టం వస్తే మర్యాదా అన్నీ అందులోనే. కోడలికి ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ, మొగుడికి ప్రెస్సులో పగటి పని. అతను వచ్చాక ఆమె బయల్దేరేలోగా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఒక్క గంట. సరిగ్గా ఆ గంటకే మామయ్యకు చెల్లెలు గుర్తొచ్చేది. ఆయన కంపెనీ సిగ్నలు గదిలో అందదట. డాబా మీద, నీళ్ళ ట్యాంకు పక్కన అయితే బ్రహ్మాండంగా వస్తుందట. మఫ్లరు చుట్టుకుని, కర్ర పుచ్చుకుని, మెట్టు మెట్టుకీ మూలుగుతూ ఎక్కేవాడు. వాన వస్తే గొడుగు కూడా ఎక్కేది. దిగేటప్పుడు పై మెట్టు మీదే దగ్గు అందుకునేవాడు. ఆ దగ్గూ, కర్ర చప్పుడూ కలిసి తలుపు దాకా వచ్చేవి. చలిగాలికి ఛాతీ పట్టేస్తోందని కోడలి బెంగ.

ఆయన ఉద్యోగమంతా ఒక పెద్ద ఆఫీసులో లిఫ్టు నడపడం. "అందర్నీ మెట్లెక్కకుండా పైకి చేర్చాను కదా, ఆ మెట్లన్నీ ఇప్పుడు నా ఖాతాలో పడ్డాయి," అని తనమీద తనే జోకు వేసుకునేవాడు. "లిఫ్టులో బోలెడు రహస్యాలు వినే ఉంటారే," అని కోడలు ఆటపట్టిస్తే, "ఎవరేం మాట్లాడుకున్నా గోడకేసి చూడటమే నా ఉద్యోగం తల్లీ," అనేవాడు.

కోడలికి ఆయనంటే ప్రాణం. కాపురానికొచ్చిన కొత్తలో టైఫాయిడ్‌తో మంచం పడితే, మొగుడికి సెలవు దొరక్క, మామయ్యే గంజి కాచి గ్లాసు నోటికి అందించాడు. తల్లి లేని పిల్లకి ఆ గంజి రుచి ఇంకా నాలుక మీదే ఉంది. అలాంటి మనిషి మోకాళ్ళు చూసి ఆస్పత్రి డాక్టరు, "మెట్లు మానకపోతే మంచాన పడతారు," అనేసరికి ఆమెకు ముద్ద దిగలేదు. ఈమధ్య మొగుడు పనిమీద ఊరెళ్ళినన్నాళ్ళూ టవరేదో చెడిందని మామయ్య పైకి వెళ్ళలేదు. పాపం, కాళ్ళకు కాస్త తెరిపి దొరికిందని ఆమె సంతోషించింది కూడా. తాళం తీయించి గదిలో అందే సిమ్ము వేయిద్దామంటే మాత్రం ఒప్పుకోడు. తీస్తే ఫోను చచ్చిపోతుందని ఎవరో చెప్పారట.

నిన్న మొగుడితో ఈ మాటే అంటే అతను కాసేపు గోళ్ళు చూసుకున్నాడు. "తీయిస్తే నాన్న గదిలోనే కూర్చుని మాట్లాడతాడు. మరి మన గంట?"

"పోతే పోనీ. అది ఆ కంపెనీవాడు మనకి పెట్టిన భిక్ష. ఇన్నాళ్ళూ మామయ్యగారి మోకాళ్ళ మీద కూర్చుని మనం కబుర్లు చెప్పుకున్నాం."



"తాళం తీస్తే ఫోను చచ్చిపోతుందాండీ?" అని ఇప్పుడు షాపు పెద్దాయన్ని అడిగింది.

"ఏ మహానుభావుడు చెప్పాడమ్మా? వాయిదాల మీద అమ్మిన ఫోనుకి కొన్ని కంపెనీలు తాళం వేస్తాయి, మనం ఇంకో గుమ్మం తొక్కకుండా. గడువు తీరాక అడిగి తీయించుకోవడమే. ఫోను మనదైనప్పుడు అందులో ఎవరి సిమ్ము వేసుకోవాలో కూడా మనమే చెప్పాలి కదా. ఎక్కడ కొన్నారు?"

"రిటైరైన రోజున ఆఫీసువాళ్ళు బహుమతిగా ఇచ్చారండీ."

ఆయన ఫోను నంబరు చూసుకుని కంపెనీకి ఫోన్ చేశాడు. అవతల పాట మొదలైంది. కోడలు గోడకు తగిలించిన కవర్లకేసి చూస్తూ కూర్చుంది. ఈ సాయంత్రం మామయ్య మంచం మీదే కాళ్ళు చాపుకుని చెల్లెలితో మాట్లాడతాడు. తను ఆ మోకాళ్ళకు వేడినీళ్ళ కాపడం పెడుతుంది. మొగుడు ఓ మూల కూర్చుని పేపరు తిరగేస్తాడు. ఆ గంటలో ఎన్ని నవ్వులు, ఎన్ని అలకలు, ఆ అలకలు తీర్చడానికి అతను పడే తిప్పలెన్ని. అవన్నీ ఉంటేనే కదా కాపురం అనిపించింది. వెంటనే గంజి గ్లాసు గుర్తొచ్చి, తనను తనే తిట్టుకుంది.

పెద్దాయన నంబరు చదివాడు. మళ్ళీ చదివాడు. "సరిగ్గా చూశారా?" అని అవతలివాళ్ళని అడిగాడు. ఫోను పెట్టేసి ఆమెకేసి వింతగా చూశాడు.

"ఏమైందండీ? తియ్యరటా?"

"దీనికి అసలెప్పుడూ తాళమే వెయ్యలేదటమ్మా."