పిన్నులు పీకిన ఆవిడ

“ఏయ్, ఎవరు మీరు? మా చెల్లి తల మీంచి చేతులు తియ్యండి!”

గుమ్మంలోంచి అక్క పెట్టిన కేకకి డ్రెస్సింగ్ రూమంతా ఇటు తిరిగింది. రెక్కలు తగిలించుకుంటున్నవాళ్ళూ, అట్టముక్క కత్తులకి వెండి రంగు పూసుకుంటున్నవాళ్ళూ పని ఆపేశారు.

చెల్లెలు అద్దం ముందు కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె వెనక, ఒంటినిండా నల్లటి ముసుగు కప్పుకున్న ఓ పెద్దావిడ. విగ్గులోంచి ఒక్కో పిన్నూ పీకి గుప్పిట్లో దాచుకుంటోంది.

“నువ్వే పంపావేమో అనుకున్నానే,” అంది చెల్లెలు బిత్తరపోయి.

“నేనెవర్నీ పంపలేదు.”

ఆవిడ కంగారుపడనైనా లేదు. అక్కకి చిర్రెత్తుకొచ్చింది.

పొద్దుట్నుంచీ చూస్తూనే ఉంది. ఈ కాస్‌ప్లే వేషాల పోటీకి వచ్చినవాళ్ళందరూ ఒకరి వేషం ఒకరు చూసి మురిసిపోతుంటే, ఈవిడ మాత్రం ఎవరి మొహమూ చూడదు. విగ్గు కనబడితే చాలు, వెనకనుంచి వచ్చి వాసన చూసి పోతుంది. అక్కాచెల్లెళ్ళ చుట్టూ అయితే మరీ తచ్చాడింది.

విగ్గా అది? అక్క పంచప్రాణాలు.

టైలరింగ్ షాపులో పగలంతా మిషను తొక్కి, ఇంటికొచ్చి ఆ ఎర్రటి నైలాన్ జుట్టుతో కుస్తీ పట్టింది. వేడిగాలి కొట్టి వంచింది, దువ్వింది, మూరెడు ఎత్తున మంటల్లా నిలబెట్టింది. స్టేజీ మీద ఫ్యాన్ల గాలికి చెదరకుండా హెయిర్ స్ప్రే డబ్బాలకి డబ్బాలు కొట్టింది. చెల్లెలి నుదుటి చుట్టూ గమ్ముతో అతికించి, పైన పిన్నులు దట్టించింది.

వేషం పేరు దీపాల రాణి. ఏ సినిమాలోదీ కాదు, ఏ బొమ్మల పుస్తకంలోదీ కాదు. చిన్నప్పుడు కరెంటు పోయినప్పుడల్లా ఏడ్చే చెల్లెలి కోసం అక్క అల్లిన కథలోది. చీకటిని గుటుక్కున మింగేసే రాణి.

ఇవాళ గెలిస్తే నాటకాల కంపెనీలో వేషాలు కుట్టే ఉద్యోగం. అందుకే రాణి చేతిలో దీపం దగ్గర కూడా అక్క రాజీపడలేదు. బ్యాటరీ దీపం వెలుగు మొహం మీద పాలిపోయినట్టు పడుతోందని దాన్ని పక్కన పడేసి, నిజం వత్తే వేసింది.

“గుప్పిట విప్పండి.”

“పిన్నులొద్దమ్మా,” అంది ఆవిడ. “లాగితే ఊడొచ్చేట్టు ఉండనీ.”

“ఊడొచ్చేట్టా! అందరి ముందూ మా పరువు తియ్యడానికా? ఆ రెక్కలవాళ్ళు పంపారా నిన్ను?”

“ఆ దీపం నిజందేనా?”

“అయితే ఏంటట?”

“వెలిగించకు తల్లీ. నీ కాళ్ళు పట్టుకుంటా.”

అక్క ఆవిడ చెయ్యి పట్టుకుని బలవంతాన గుప్పిట విప్పింది. వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయి, ముడతలు పడి, నున్నగా మెరుస్తున్నాయి.

“ఓహో, రాక్షసి చేతులు! రబ్బరు తొడుగు బాగానే చేసుకున్నావు. ఇంత పని వచ్చినదానివి, పక్కవాళ్ళ పని పాడుచెయ్యడం దేనికి?”

చుట్టూ ఉన్నవాళ్ళు వంగి చూశారు.

“అబ్బ, ఏం పనితనం! అచ్చం నిజం చేతుల్లా ఉన్నాయి!”

ఒకడు ఫొటో కూడా తీసుకున్నాడు. ఆవిడ చెయ్యి ముసుగులోకి లాక్కుంది.

అక్క గార్డుని పిలిచింది. “ఈవిణ్ణి గేటు దాటించండి. మళ్ళీ లోపలికొస్తే మీదే పూచీ.”

పోతూ పోతూ ఆవిడ చెల్లెలి వంకే చూసింది. శాపం పెట్టినట్టు ఉంది ఆ చూపు.

“అక్కా, నాకెందుకో భయమేస్తోందే.”

“నీ మొహం. కదలకు.”

అక్క మళ్ళీ గమ్ము రాసింది. పీకేసిన పిన్నులన్నీ తిరిగి గుచ్చింది, కోపం కొద్దీ ఇంకో నాలుగు ఎక్కువే గుచ్చింది.

“తల ఊపు.”

చెల్లెలు ఊపింది. విగ్గు ఇసుమంత కదల్లేదు.

“ఇప్పుడు రమ్మను ఎవరొస్తారో!”

స్టేజీ మీద లైట్లు ఆర్పేశారు. దీపాల రాణి ఒక్కో అడుగే వేస్తూ వచ్చి దీపం పైకెత్తింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. అక్క తెరచాటునుంచి చూసి కళ్ళు తుడుచుకుంది. అంత అందంగా ఉంది దాని మొహం.

రాణి జనానికి అభివాదం చేస్తూ వంగింది. విగ్గు కొస దీపానికి తగిలింది.

భగ్గుమంది.

చప్పట్లు మారుమోగిపోయాయి. అదీ వేషంలో భాగమే అనుకున్నారు మరి. ఈలలు కూడా వేశారు.

అక్క ఒక్క ఉదుటున దూకి, మండుతున్న విగ్గుని రెండు చేతులా పట్టుకుని లాగింది. రాలేదు. చెల్లెలు అక్కా అక్కా అని అరుస్తోంది. మళ్ళీ లాగింది. తన చేత్తో గుచ్చిన పిన్ను ఒక్కటీ జారలేదు. ఎవరో బకెట్టు నీళ్ళు కుమ్మరించేదాకా మంట ఆరలేదు.

ఆస్పత్రి వరండాలో, రెండు చేతులకీ కట్లతో అక్క బెంచీ మీద కూర్చుంది.

“ప్రాణానికి భయం లేదు,” అన్నాడు డాక్టరు. మొహం సంగతి అడిగితే తల దించుకుని వెళ్ళిపోయాడు.

ఎదురుగా గార్డు నిలబడి ఉన్నాడు. చొక్కా ఇంకా తడిగానే ఉంది.

“ఆ నీళ్ళు పోసింది మీరేనా?”

“గేటు దగ్గర ఆవిడ సంగతంతా చెప్పింది మేడమ్. వినగానే బకెట్టు పట్టుకుని పరుగెత్తుకొచ్చా. అప్పటికే...”

“ఆవిడేది? ఒక్కసారి పిలవండి. నేనే కాళ్ళు పట్టుకుంటా.”

“వెళ్ళిపోయింది మేడమ్. మీ చెల్లి కేక గేటు దాకా వినిపించిందట. చెవులు మూసుకుని ఎటో వెళ్ళిపోయిందట.”

“అసలెవరండీ ఆవిడ?”

గార్డు అక్క చేతుల కట్ల వంక చూశాడు.

“కొన్నేళ్ళ కిందట ఆ స్టేజీ మీదే వాళ్ళమ్మాయి విగ్గు అంటుకుంటే, చేతులు కాలిపోతున్నా వదలకుండా, అది ఊడి రాక, ఆ పిల్ల అరుపు ఆగిపోయేదాకా లాగుతూనే ఉన్న తల్లట మేడమ్.”