ఇంటికొచ్చిన ఓటు

ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీ సంగప్ప పేరెత్తితే చాలు, కిష్టప్ప నోరు చేదవుతుంది. కిందటి ఎలక్షన్లలో కిష్టప్ప తల్లి ఆగమ్మ ఎండలో నాలుగు గంటలు లైన్లో నిలబడింది. తీరా బల్ల దగ్గరికి పోతే, ఆమె ఓటు పొద్దున్నే ఎవరో వేసేశారని చెప్పి పంపించారు. ఎవరు వేయించారో ఊరంతటికీ తెలుసు. అడిగినవాడు లేడు. ముసలిది తిరిగొస్తూ తోవలో పడిపోయి మూడు రోజులు మంచం దిగలేదు.

ఈసారి ఆ ఓటు పోనివ్వకూడదని కిష్టప్ప పట్టుబట్టి ఉన్నాడు. డెబ్బై రెండు మార్చిలో ఎలక్షన్ల నాడు తెల్లవారకముందే పొరుగూరి బడికి నడిచిపోయి, అప్పటికే బారుగా ఉన్న మగవాళ్ల లైన్లో నిలబడ్డాడు. తల్లిని ఎండ ముదరకముందే వాళ్ల ఎడ్లబండిలో తీసుకురమ్మని పక్కింటి మొగులమ్మకు ముందే చెప్పి పెట్టాడు.

తొమ్మిది దాటాక బండి వచ్చింది. అందులోంచి మొగులమ్మ ఒక్కతే దిగింది.

"మా అవ్వేది?" అన్నాడు కిష్టప్ప.

"మీ అవ్వ ఓటేసింది గదనే. పొద్దుగాలనే అయిపోయిందంట."

"యాడ ఏసింది?"

"ఇంట్లనే. పట్వారి గా బొంబాయి రోడ్డు మీద కట్టే ఫ్యాక్టరీ జీపుల వచ్చిండు, ఎంట ఎవలో ప్యాంటాయన. ముసలోళ్లు లైన్ల నిలవడొద్దని సర్కారు కొత్త కానూన్ దెచ్చిందంట. ఓటు ఇంటికే పంపుతుందంట. ఏలిముద్ర ఏయించుకొని పోయిండ్రు."

లైన్లో నవ్వులు లేచాయి. వెనకనున్న ముసలాయన తలగుడ్డ సర్దుకుంటూ, "ఓటుతోని పాటు ఇంత బువ్వ గూడ పంపుమనకపోయినవా" అన్నాడు.

కిష్టప్ప నవ్వలేదు. ఇంటికి పోయి చేసేదేముంది, ఓటు పోనే పోయింది. లోపలున్న ఆఫీసరును నిలదీయాలి. లైను దాటి నాలుగడుగులు వేశాడో లేదో కానిస్టేబులు లాఠీ అడ్డం పెట్టాడు. ఎవరైనా సరే వంతు వచ్చాకే లోపలికి పోవాలన్నాడు. కిష్టప్ప మళ్లీ వెనక్కి వస్తే ముసలాయన గొణుగుతూనే చోటిచ్చాడు.

ముందర డెబ్బై మంది ఉన్నారు. నీడ లేదు. తాగడానికి పెట్టిన కుండ అప్పటికే అడుగంటింది. ఆడవాళ్ల లైన్లో ఒక బాలింత కూలబడితే పక్కకు జరిపారు, ఆమె చోటు వెంటనే నిండిపోయింది. గంటకు పదిహేను మంది కూడా కదలడం లేదు. ఆఫీసరు ముందు ఏం మాట్లాడాలో కిష్టప్ప మనసులో అల్లుకున్నాడు, చెరిపేసుకున్నాడు, మళ్లీ అల్లుకున్నాడు. ఐదేళ్ల కిందట తన తల్లి ఇదే నేల మీద ఇట్లాగే నిలబడిందని గుర్తొచ్చినప్పుడల్లా ఆ మాటలు ఇంకాస్త పదునెక్కాయి.

రెండింటికి అతని వంతు వచ్చింది. బల్ల వెనక ఆఫీసరు సుందర్‌రాజు. మామూలు రోజుల్లో సంగారెడ్డిలో పంతులు. కిష్టప్ప తన చీటీ ఇవ్వలేదు.

"ముందు మా అవ్వ ఓటు ఎవడేసిండో చెప్పు సారూ. తర్వాత నాది."

సుందర్‌రాజు విసుక్కోకుండా జాబితా తిప్పాడు. ఆగమ్మ పేరు దగ్గర వేలు ఆపాడు. ఓటు వేసినవాళ్ల పేర్ల కింద ఎర్ర గీత ఉంది. ఆమె పేరు కింద ఏమీ లేదు.

"మీ అమ్మ ఓటు ఎవరూ వెయ్యలేదయ్యా. ఇళ్లకు ఓటు పంపే చట్టం ఎక్కడా లేదు. ఐదులోపల తీసుకురా, నేను దగ్గరుండి వేయిస్తా."

కిష్టప్ప మరోసారి చూడమన్నాడు. సుందర్‌రాజు మళ్లీ చూసి అదే మాట చెప్పాడు. అప్పుడు కిష్టప్పకు అంతా అర్థమైనట్టనిపించింది. ఈసారి దొంగ ఓటు వేయించే వీలు లేక, ముసలిదాన్ని ఇంట్లో కూర్చోబెట్టడానికి సంగప్ప నాటకమాడాడు. అంతే. తన ఓటు వేసి, మొగులమ్మనడిగి బండి తీసుకుని ఎద్దులను అదిలించాడు.

ఆగమ్మ ఒక పట్టాన కదలలేదు. ఒక మనిషి రెండు ఓట్లేస్తే జైల్లో వేస్తారని భయం. పట్వారీ అబద్ధమాడాడని కిష్టప్ప ఎంత చెప్పినా, చదువుకున్నోడు ఎందుకు అబద్ధమాడతాడంది. చివరికి ఎత్తుకుని బండిలో కూర్చోబెట్టాడు.

నాలుగున్నరకు బడి చేరారు. ఆడవాళ్లు దారిచ్చి ఆమెను ముందుకు పంపారు. సుందర్‌రాజు ఆమె ఎడమ చేయి పట్టి చూశాడు. చూపుడువేలు మీద గుర్తేమీ లేదు. పేరు కింద ఎర్ర గీత గీయించి, వేలికి సిరా పెట్టించాడు. ఆగమ్మ వేలిముద్ర వేసింది, అట్ట చాటుకు పోయి గుర్తు మీద ముద్ర గుద్దింది, కాగితం మడిచి తన చేత్తోనే డబ్బాలో వేసింది.

తలుపు దగ్గర సంగప్ప ఓట్లు వేయించే పార్టీ ఏజెంటు నిలబడి ఉన్నాడు. అతనికి వినబడేటట్టే కిష్టప్ప అన్నాడు:

"మీ పట్వారికి చెప్పు. మా అవ్వ ఓటు మా అవ్వనే ఏసుకుంది."

ఏజెంటు బీడీ ముట్టించుకున్నాడు.

బండి ఊరి తోవ పట్టింది. ఐదేళ్ల బాకీ తీరినట్టుంది కిష్టప్పకు. వెనక ఆగమ్మ తన వేళ్లను తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"గింతేనా కొడుకా? గీడ ఒక్క కాయితానికే ఏలిముద్ర దీస్కున్నరు. పట్వారి ఆరు కాయితాలకు ఏయించిండు."

"ఏం కాయితాలే అవి?"

"ఏమో బిడ్డా, మందంగున్నయి. పైన రూపాయి మీదుండే సింహాల బొమ్మ. ముద్రేసే ముంగట మీ నాయన పేరు సదివిండు, రోడ్డు పొంటి చెల్క నెంబరు సదివిండు. మీ నాయన పేరు ఇని ఎన్నేండ్లాయె. నాకు ఏడుపొచ్చింది."

కిష్టప్ప బండి ఆపాడు.

బొంబాయి రోడ్డు పక్క మూడెకరాల పదకొండు గుంటల చెల్క పొద్దున్నే స్టాంపు కాగితాల మీద పోయింది.