ఉప్పెక్కువైన పులుసు

వంటింటి గోడకు ట్రస్టు అనే వీలునామా యంత్రం బిగించినప్పటి నుంచి వరహాలమ్మ కూతుర్ని తిట్టడం మానేసింది. ఇప్పుడు అందరి ఇళ్లలోనూ ఇదే పద్ధతి. యజమాని నోట ఏ మాట వస్తే ట్రస్టు ఆస్తిని ఆ ప్రకారం రాసేస్తుంది. బతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ప్రాణం పోయాక మాత్రం ఆఖరి మాటే ఖాయం.

బిగించిన కొత్తలో ఒక్కసారి మాత్రం పాలు పొంగిపోతే వరహాలమ్మ అలవాటుగా అరిచింది. "నా శవాన్ని కూడా ముట్టుకోకే!"

ట్రస్టు వెంటనే కూతురు నూకరత్నం పేరు కొట్టేసి, ఇల్లూ తలకొరివి పెట్టే హక్కూ ఎవరో దూరపు మేనల్లుడికి రాసింది. తిరిగి మార్పించేదాకా వరహాలమ్మ గుండె పట్టుకునే కూర్చుంది. ఆ గుండె ఎప్పుడైనా ఆగిపోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు.

ఇవాళ నూకరత్నం కావాలనే పులుసులో గుప్పెడు ఉప్పు పోసింది. మొదటి ముద్దకే తల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎలాగుందమ్మా?"

వరహాలమ్మ గోడవైపు చూసింది. "బాగుందండీ," అంది, చుట్టాలింటికి భోజనానికి వచ్చినట్టు.

"ఒక్కసారి తిట్టవే అమ్మా! ఇల్లు పోతే పోనీ."

వరహాలమ్మ పెదవులు కదిలాయి. గబగబా ఇంకో ముద్ద కలిపి నోట్లో కుక్కుకుంది.